స్టాండు

జూలై 9, 2007

జావా మోటారుసైకిలు ఇంటికి వచ్చింది. వచ్చింది అనకూడదు, మోసుకొచ్చాం. కలిదిండి నుంచి చేపల వ్యానులో ఖాళీ ట్రేల మధ్య పడుకోబెట్టి తెచ్చాను. తంగెళ్ళమూడిలో మా సందులోకి వ్యాను దూరదు. మలుపులో దించి నేనూ డ్రైవరూ తోశాం. చక్రాలు తిరగడం లేదు. తిరగని బండిని తొయ్యడం అంటే ఈడవడమే. దారి పొడుగునా ఎండిన బురద పెళ్ళలు రాలాయి. వీధంతా చేపల కంపు. ఎదురింటి ఎలిజబెత్ టీచరు గారు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "ఏంటండీ అల్తాఫ్ గారూ, సీటు కవర్లు కుట్టడం మానేసి చేపల బేరం పెట్టారా?" అని నవ్వారు.

"మా అన్నయ్య బండండీ" అన్నాను.

ఆవిడ కొంగు తీసేసి గబగబా లోపలికి వెళ్ళిపోయారు. పాపం, ఆవిడ తప్పేముంది.

అన్నయ్య వసారాలో చక్రాల కుర్చీలో ఉన్నాడు. బండిని తెచ్చి ఆయన ఎదురుగా ఆపాను. వదినా నేనూ ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. ఆయన బండిని చూశాడు. నన్ను చూశాడు. వదిన చేతిలో ఉన్న గంజి గిన్నెని చూశాడు.

"స్టాండు" అన్నాడు.

ఏం లాభం, గిన్నెని చూసినా అదే అంటాడు.

జూలై 10

ఏడుకొండలు చెప్పింది మరిచిపోకముందే రాసి పెట్టుకోవాలి. అన్నయ్య నీళ్ళు తోడే ఇంజను బాగుచెయ్యడానికి వెళ్ళిన ఆఖరి చెరువుకి అతను కాపలాదారు. పోయిన ఏడాది కొల్లేటిలో చేపల చెరువుల గట్లన్నీ కొట్టేశాక దగ్గరలో పని లేకుండా పోయింది. అందుకే ఆ ఎండల్లో అంత దూరం కలిదిండి దాకా పోయేవాడు.

"ఇంజను బాగుచేసేసి, టీ తాగి బండెక్కారండీ" అన్నాడు ఏడుకొండలు. "సైడు స్టాండు తియ్యకుండానే కదిలిపోతన్నారు. నేను ఎనకమాల నుంచి అరిచానండీ, జానీ గారూ, స్టాండు, స్టాండు అని. తిరిగి చూశారండీ. నవ్వారు కూడానండీ. అంతే, అలా ఒక పక్కకి ఒరిగిపోయి బండితో సహా చెరువులోకి ఎళ్ళిపోయారు."

పడ్డందుకు పక్షవాతం రాలేదు, పక్షవాతం వచ్చినందుకు పడ్డాడు అని డాక్టర్లు అప్పుడే చెప్పారు. కుడి చెయ్యి పోయింది, కుడి కాలు పోయింది, మాట పోయింది. అదంతా తెలిసిందే. తెలియనిది ఈ స్టాండు సంగతి. వేసవి నుంచీ ఆ ఒక్క మాట పట్టుకుని మేం ఎన్ని వేషాలు వేశామో! ఆసుపత్రిలో ఆయన స్టాండు అంటే సెలైన్ స్టాండు కాబోలని దాన్ని అటు జరిపాం, ఇటు జరిపాం. ఇంటికొచ్చాక, నిలబడాలని ఉందేమోనని చెరో చంకా పట్టుకుని లేపితే కేక పెట్టాడు. తర్వాత వదినకి అనుమానం వచ్చింది, బస్టాండేమో అని. రిక్షా ఎక్కించి పాత బస్టాండుకి తీసుకెళ్ళి బెంచీ మీద కూర్చోబెట్టాం. "ఏ ఊరు వెళ్దామండీ?" అని వదిన అడిగింది. "స్టాండు" అన్నాడు. అప్పుడే జంగారెడ్డిగూడెం బస్సు వచ్చి ఆగింది. అది వదిన పుట్టిల్లు. ఆ బస్సు బోర్డు చదివి వదిన అందరి ముందూ ఏడ్చేసింది. నేను తాగిస్తున్న గోలీసోడా అన్నయ్య చొక్కా అంతా కారిపోయింది.

ఇప్పుడు అర్థమైంది. ఆయన చెవిన పడ్డ ఆఖరి మాట అది. మిగతా మాటలన్నీ ఆ చెరువులో పడిపోయాయి, ఇదొక్కటి పట్టుకుని పైకి వచ్చాడు.

ఇది మంచి సంగతే. చాలా మంచి సంగతి. ఆ మాట గుర్తుందంటే బండి గుర్తున్నట్టే. విమానాలు దిగని పాత రన్‌వే మీద ఈ బండే నాకు నేర్పాడు. "ముందు స్టాండు చూసుకో, తర్వాత దేవుణ్ణి తలుచుకో" అనేవాడు. బండి స్టార్టయి ఆ డబడబ చప్పుడు ఆయన చెవిలో పడిందంటే మిగతా మాటలూ ఒక్కొక్కటే వస్తాయి. రాక ఎక్కడికి పోతాయి?

బండి నేనే బాగుచేస్తాను.

జూలై 12

"నీకు ఇంజను పని వచ్చా?" అని వదిన అడిగింది.

రాదు. నేను రెగ్జిన్ కుట్టేవాణ్ణి. సీటు పైన ఏదైనా నా పని, సీటు కింద ఉన్నదంతా అన్నయ్య పని. "నేర్చుకుంటాను వదినా" అన్నాను.

"ఎవరి దగ్గర?"

 నేర్పాల్సిన మనిషి కుర్చీలో కూర్చుని ఈగని చూస్తున్నాడు.

జూలై 22

వసీమ్ వచ్చాడు, వదిన తమ్ముడు. మామిడిపళ్ళ బుట్ట తెచ్చాడు. భోజనం అయ్యేదాకా పామాయిల్ తోటల గురించి మాట్లాడి, చెయ్యి కడుక్కుని తుడుచుకుంటూ అసలు సంగతి బయటపెట్టాడు.

"ఒక మాట చెప్తాను, ఏమీ అనుకోకండి అల్తాఫ్ గారూ. ఇల్లు చూస్తే చిన్నది. బావగారు ఉన్నారన్న మాటే గానీ ఆయనకి లోకం తెలీదు. మీరేమో పెళ్ళి చేసుకోలేదు. మా అక్కని ఎవరైనా ఒక మాట అంటే మేము పడలేమండీ. ఇద్దర్నీ మా ఇంటికి తీసుకెళ్ళిపోతాను. వెనకాల గది ఖాళీగా ఉంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. మాట అనే ఊరు ఎక్కడో లేదు, నా ఎదురుగా కూర్చుని మామిడిపండు తింటోంది అందామనుకున్నాను. నాలిక చివరి దాకా వచ్చింది. వదిన ముఖం చూసి మింగేశాను. వాడికి ఇంకో పండు కోసి ఇచ్చాను కూడా, నా మొహం.

 వదిన అన్నయ్య మూతి తుడిచి, అప్పుడు అంది. "రంజాన్ పండగ దాకా ఆగరా వసీమ్. అల్తాఫ్ ఆ బండి బాగుచేస్తానంటున్నాడు. ఈ లోపల ఆయన ఒక్కటంటే ఒక్క మాట తెలిసి అంటే చాలు. ఆ స్టాండు అనే మాటే అవనీ, తెలిసి అనాలి. అన్నారంటే నేను ఈ గుమ్మం దాటను. అనలేదంటే పండగ వెళ్ళాక నువ్వు చెప్పినట్టే వస్తాను."

అన్నయ్య తలుపు వైపు చూసి స్టాండు అన్నాడు. వసీమ్ నవ్వబోయి ఆపుకున్నాడు.

వెనకాల గదట. ఆ గది నేను చూశాను. పొగాకు బేళ్ళు వేసేవాళ్ళు అందులో.

జూలై 24

ఎదురింటి టీచరు గారి అబ్బాయి స్టాండు తియ్యకుండానే బండి పోనిచ్చాడు, సరిగ్గా అన్నయ్య ముందునుంచే. అన్నయ్య పలకలేదు. వదిన నా వైపు చూసింది.

"అది హీరో హోండా వదినా. అదో పిచుక గొంతు. జావా చప్పుడు వేరు" అన్నాను. నిజం కూడా అదే.

ఆగస్టు 3

పెరట్లో రేకుల షెడ్డు ఖాళీ చేశాను. నా కుట్టుమిషను గోడవారకి జరిపి బండిని మధ్యలో పెట్టాను. అన్నయ్య కుర్చీ షెడ్డు గుమ్మంలో పెడుతున్నాను, చూస్తుంటాడని. విప్పిన దానికల్లా చూపిస్తున్నాను. "ఇది కార్బురేటరు కదా అన్నయ్యా?" "స్టాండు." "దీన్ని ఎటు తిప్పాలి?" "స్టాండు." ఎవరైనా గోడ అవతల నుంచి వింటే మా ఇద్దరికీ మతి పోయిందనుకుంటారు.

సైలెన్సర్లు రెండూ వంచితే కొల్లేటి బురద గిన్నెడు వచ్చింది. అందులో ఒక చిన్న పీత కూడా, ఎండిపోయి. పిస్టన్ బోరులో అతుక్కుపోయింది. కదలదు. కిరసనాయిలు పోసి వదిలేశాను.

ఆగస్టు 6

కదల్లేదు.

ఆగస్టు 7

కదల్లేదు. దీని దుంప తెగ.

ఆగస్టు 9

పవర్‌పేట నుంచి బాలస్వామిని తీసుకొచ్చాను. లేతు పనీ వెల్డింగూ చేస్తాడు, అన్నయ్యకి పాత స్నేహితుడు. బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు, దాన్ని ముట్టుకోకుండానే.

"ఇనుము కొట్టుకి వేసెయ్యండి."

"మీ స్నేహితుడి బండండీ ఇది."

"అందుకే చెప్తున్నానండీ. క్రాంకు బేరింగులు తుప్పు, బోరు తుప్పు, వైరింగు అంతా కుళ్ళిపోయింది. దీన్ని బాగుచేసేది కాదు, కొత్త బండి చేసి దీని పేరు పెట్టుకోవాలంతే." అని అన్నయ్య దగ్గరకి వెళ్ళి వంగి, "ఏం జానీ, బాగున్నావా?" అన్నాడు గట్టిగా, చెవిటివాడితో మాట్లాడినట్టు.

"స్టాండు" అన్నాడు అన్నయ్య.

బాలస్వామి అక్కడ ఇంక నిలబడలేకపోయాడు. టీ పెట్టాను తాగి వెళ్ళండి అని వదిన అంటున్నా ఆగలేదు. సాయంత్రం మాత్రం మనిషిని పంపాడు, ఇంజను బ్లాకు పట్టుకెళ్ళడానికి.

ఆగస్టు 12

ఈరోజు గొప్ప రోజు!

ట్యాంకు లోపల తుప్పు పోవాలంటే గులకరాళ్ళు, కిరసనాయిలు పోసి ఊపాలి. మూత బిగించి, ఒళ్ళో పెట్టుకుని, చంటిపిల్లని ఊపినట్టు గంటసేపు ఊపాను. అన్నయ్య తల తిప్పి చూశాడు. తిప్పి చూసి అలాగే ఉండిపోయాడు! వదినని కేకేశాను. ఆవిడ పిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది. మళ్ళీ ఊపాను. మళ్ళీ చూశాడు. "చూస్తున్నారు, చూస్తున్నారు" అని వదిన నా భుజం మీద కొట్టింది, చొక్కా మీద ఐదు వేళ్ళూ పడ్డాయి. ఆ చొక్కా ఉతకడానికి వెయ్యలేదు ఇంకా.

అది ఇక్కడెందుకు రాశాను? ట్యాంకు శుభ్రపడింది. అదీ రాయాల్సింది.

ఆగస్టు 13

కాకి అరిచినా తిప్పి చూస్తున్నాడు.

ఆగస్టు 20

బెజవాడలో పెద్ద డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళాం. ఆయన అన్నయ్యకి తాళం చెవి చూపించాడు, పెన్ను చూపించాడు, వాచీ చూపించాడు. మూడూ స్టాండే. నేను ఏడుకొండలు చెప్పిందీ, బండి సంగతీ అంతా చెప్పాను. ఓపిగ్గానే విన్నాడు.

"చూడండి, ఆ మాట ఇప్పుడు మాట కాదు. దగ్గు ఎలా వస్తుందో ఇదీ అలాగే వస్తుంది. దగ్గుకి అర్థం వెతుక్కుంటారా? మీరు ఆశ పెట్టుకోకండి, ఆవిడకీ పెట్టకండి. మనిషిని శుభ్రంగా, ప్రశాంతంగా చూసుకోండి."

బస్సులో వదిన కిటికీ వైపు తిరిగి కూర్చుంది. హనుమాన్ జంక్షన్ దాటాక అంది, "డాక్టరు గారు అన్నది నిజమేనేమో అల్తాఫ్."

"ఆయన కారులో తిరిగే మనిషి వదినా. ఆయనకి స్టాండు గురించి ఏం తెలుసు?" అన్నాను. వదిన నవ్వింది. చాలా రోజులకి నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఇల్లు చేరేదాకా దగ్గు అన్న మాటే చెవిలో తిరిగింది.

సెప్టెంబరు 2

బాలస్వామి బోరు చేసి కొత్త పిస్టన్ వేసి పంపాడు. బేరింగులు మార్చాడు. కొత్త వైరింగు నేనే లాగాను, ఏ తీగ ఎటో పుస్తకం చూసుకుంటూ. ఫ్రేముకి రంగు నేనే వేశాను. ఒక పూత మీద ఇంకో పూత, మళ్ళీ ఇంకోటి. ముఖం చూసుకోవచ్చు అందులో. ఫ్రేముకి ఎడం పక్కన సైడు స్టాండు ఉండే కొక్కెం విరిగిపోయి మొండిగా ఉంది. స్టాండు ఆ చెరువులోనే పోయింది. బాలస్వామి కొత్తది చేసి వెల్డింగు పెడతానన్నాడు. వద్దన్నాను.

"బండికి సైడు స్టాండు లేకపోతే ఎలాగండీ?"

"మధ్య స్టాండు ఉంది కదండీ. అది చాలు. దాని మొహం నేను చూడను."

ఆ మొండిని అరగదీయించి నున్నగా చేయించాను. ఇప్పుడు అక్కడ ఒకప్పుడు స్టాండు ఉండేదని కూడా తెలీదు.

సెప్టెంబరు 9

కిక్కు కొట్టాను. స్టార్టవలేదు. ప్లగ్గు తీసి చూస్తే స్పార్కు లేదు.

సెప్టెంబరు 10

లేదు.

సెప్టెంబరు 11

కాయిలు మార్చాను. లేదు.

సెప్టెంబరు 14

ఈరోజు రోజా ఉపవాసాలు మొదలు. ఎండ. గొంతు ఎండిపోతోంది. పొద్దున్నుంచీ కిక్కు కొట్టి కొట్టి మోకాలు వాచింది. జావాకి కిక్కూ గేరూ ఒకటే రాడ్డు, లోపలికి నొక్కి పైకి తిప్పి కొట్టాలి. జారిందంటే పిక్క ఊడుతుంది. జారింది. పానా తీసి గోడకేసి కొట్టాను.

"స్టాండు" అన్నాడు అన్నయ్య.

"ఏం స్టాండు? ఎక్కడుంది స్టాండు? ఎన్నిసార్లంటావు? ఇంకో మాట రాదా నీకు? అమ్మ పేరు చెప్పు! నా పేరు చెప్పు!" అని అరిచాను. అన్నయ్య మీద. ఉపవాసం ఉండి. నన్ను నాలుగో ఏట నుంచీ ఎత్తుకుని పెంచిన మనిషి మీద.

ఆయన బెదిరిపోయి ఎడం చెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. వదిన వచ్చింది. నన్ను ఒక్క మాట అనలేదు. కుర్చీని మెల్లగా వెనక్కి తిప్పి వసారాలోకి తీసుకెళ్ళిపోయింది.

నా మీద నాకే అసహ్యంగా ఉంది. కాళ్ళు పట్టుకున్నాను తర్వాత. ఆయన నా తల నిమిరాడు. లేకపోతే నిమిరాడని నేను అనుకున్నాను, చెయ్యి పక్కకి జారి అలా తగిలిందేమో.

సెప్టెంబరు 23

ఇంజను జోలికి పోవడం లేదు. సీటు కుడుతున్నాను. ఇది నాకు వచ్చిన పని, దీన్నెవడూ నాకు నేర్పక్కర్లేదు. వెనక సీటుకి వీపు ఆనుకోవడానికి ఎత్తుగా దిండు, రెండు పక్కలా చేతులు పెట్టుకోవడానికి దిమ్మలు, నడుముకి బెల్టు. కుడి కాలు జారిపోకుండా తోలు జోడు లాంటిది ఒకటి. మెరూన్ రెగ్జిన్, తెల్ల దారం. ఇలాంటి సీటు ఏలూరులో ఏ బండికీ లేదు. అన్నయ్యని ఇందులో కూర్చోబెట్టి కైకలూరు రోడ్డు మీద తీసుకెళ్తాను. గట్టు మీద కొంగలు, గూడబాతులు కనపడే చోట ఆపుతాను.

సీటుని మంచం మీద పెట్టి అన్నయ్యని కూర్చోబెట్టి బెల్టు పెట్టి చూశాం. సరిగ్గా కుదిరింది. "స్టాండు" అన్నాడు. వదిన వెంటనే, "అవునండీ, బండి సీటే ఇది, భలే కనిపెట్టారే" అంది. ఆవిడ గొంతు అదోలా ఉంది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

అక్టోబరు 5

స్పార్కు లేదు. అన్నయ్య కూడా ఈరోజు ఏమీ అనలేదు. స్టాండు కూడా.

అక్టోబరు 15

పండగ నిన్న. సేమ్యా చేసింది వదిన. అన్నయ్యకి కొత్త చొక్కా తొడిగి మసీదు గేటు దాకా తీసుకెళ్ళాను. వసీమ్ ఫోను చేసి ముబారక్ చెప్పి, వచ్చే ఆదివారం కారు తెస్తానన్నాడు. వదిన సరే అంది. నేను పక్కనే ఉన్నాను.

అటక మీంచి సూట్‌కేసు నాచేత దింపించింది. దుమ్ము దులిపి ఎండలో పెట్టింది.

వాళ్ళిద్దరూ వెళ్ళిపోతే ఈ ఇంట్లో నేను ఏం చెయ్యాలి? ఎవరికి చూపించుకోవాలి ఈ బండి?

అక్టోబరు 19

దొరికింది! నా తెలివి తెల్లారిపోను!

రంగు. ఆ ముఖం కనపడే రంగే. ఎర్తు తీగ బిగించే చోట కూడా పూత మీద పూత వేశాను. ఇనుముకి ఇనుము తగిలితేనే కదా స్పార్కు వచ్చేది? రంగు మీద బిగిస్తే ఎక్కడి నుంచి వస్తుంది? కాయిలు మార్చాను, పాయింట్లు మార్చాను, దేవుణ్ణి మార్చలేదు, అంతే. ఇప్పుడు ఉప్పు కాగితంతో రూపాయి బిళ్ళంత మేర గోకాను. స్పార్కు నీలంగా మెరిసింది.

అన్నయ్య మామూలుగా ఉంటే ఒక వారం నవ్వేవాడు నన్ను చూసి. "సీటు కుట్టేవాడికి ఇంజను ఇస్తే రంగేసి పెట్టాడు" అని ఊరంతా చెప్పేవాడు.

వదిన చీరలు మడతపెడుతోంది. రేపు స్టార్టు చేస్తాను అని చెప్పాను. "మంచిది" అంది.

అక్టోబరు 20

స్టార్టయింది. మూడు కిక్కులకి గుర్రుమంది, నాలుగో కిక్కుకి పలికింది. తెల్లటి పొగ షెడ్డంతా నిండిపోయింది. అదే డబడబ. వసారాలో అన్నయ్య ఆ కుర్చీలోనే ఉన్నాడు. వదిన చేతిలో మడతపెట్టిన దుప్పటితో గుమ్మంలో నిలబడింది. బండిని వాళ్ళ ముందు నుంచి మెల్లగా గేటు వైపు పోనిచ్చాను. అన్నయ్య కళ్ళు బండి మీదే ఉన్నాయి. ఒట్టు. నేను చూశాను.

గేటు దగ్గరకి వచ్చాను.

"స్టాండు!"

గట్టిగా అన్నాడు. రోడ్డు మీద ముక్కూ మొహం తెలియనివాళ్ళు అరిచినట్టు అన్నాడు. దుప్పటి కింద పడేసి వదిన అరిచింది. "అల్తాఫ్! విన్నావా? స్టాండు అంటున్నారు! చూసుకో, స్టాండు వేసుందేమో చూసుకో!"

నేను వంగి చూశాను. ఏముంటుంది అక్కడ? అరగదీయించి రంగు వేసింది నేనే కదా. వదిన కుడి పక్క ఉంది, ఆవిడకి ఇటు కనపడదు. ఆవిడ ముఖం చూశాను. ఆ ముఖం నేను ఎప్పుడు చూశానో కూడా గుర్తులేదు, అన్నయ్య పెళ్ళిలోనేమో.

"అవును అన్నయ్యా, చూసుకోలేదు" అన్నాను. ఎడం కాలితో వెనక్కి తన్నాను, స్టాండు తీస్తున్నట్టు. కాలికి గాలి తప్ప ఏమీ తగల్లేదు.

వదిన అన్నయ్య తల గుండెకి హత్తుకుని ఏడ్చింది. వసీమ్‌కి ఫోను చేసి రావద్దంది. "తెలిసి అన్నారురా! వీడు స్టాండు తియ్యలేదు, ఆయన చూసి చెప్పారు!" అని. సూట్‌కేసులో చీరలన్నీ తీసేసి, దాన్ని మళ్ళీ అటక మీద పెట్టించింది. నేనే పెట్టాను, స్టూలు ఎక్కి.

ఇందులో అబద్ధం ఏముంది? స్టాండు ఉండాల్సిన చోట లేదు అని చెప్పాడేమో. జానీ గారికి తన బండికి ఏం ఉండాలో, ఏం లేదో తెలీదా? అది కూడా స్టాండు సంగతే కదా.

అవును. లేదనే చెప్పాడు.

అక్టోబరు 21

వదిన పొద్దుటి నుంచీ ఆయనతో మాట్లాడుతూనే ఉంది. కూర ఏం చెయ్యనండీ, టీచరు గారి అబ్బాయికి ఉద్యోగం వచ్చిందటండీ, రేపు బండి మీద ఎటు వెళ్దామండీ అని. పాత ఖాకీ ప్యాంటు తీసి ఇస్త్రీ చేసింది. గడ్డం గీసింది. ఆయన మూడు నాలుగు సార్లు స్టాండు అన్నాడు. అన్నిసార్లూ వదిన అటూ ఇటూ చూసి దానికో అర్థం చెప్పింది.

సాయంత్రం చీపురు పట్టుకుని షెడ్డు వైపు వెళ్ళబోతే, నేను ఊడుస్తాను వదినా అని లాక్కున్నాను.

రేపు పొద్దున్నే బాలస్వామి దగ్గరకి వెళ్ళి సైడు స్టాండు వెల్డింగు చేయించాలి. వదిన ఎడం పక్కకి రాకముందే.

అక్టోబరు 22

బాలస్వామి ఏమీ అడగలేదు. దాని మొహం చూడను అన్నారు కదండీ అని కూడా అనలేదు. పాత స్టాండు ఒకటి వెతికి పెట్టాడు. వెల్డింగు చేసిన చోట రంగు మాడిపోయింది, వేడి ఇంకా ఆరలేదు. అలాగే ఇంటికి తెచ్చేశాను.

వదిన పెరట్లో బట్టలు ఆరేస్తోంది. అన్నయ్య ఖాకీ ప్యాంటులో కుర్చీలో ఉన్నాడు. నాకు ఒక ఆలోచన వచ్చింది. రాకుండా ఉంటే బాగుండేది. స్టాండు నిజంగా వేసి, తియ్యకుండా, బండి స్టార్టు చేసి ఆయన ముందు నుంచి పోనిచ్చాను. స్టాండు ఉన్న ఎడం పక్క ఆయన వైపు ఉండేలా పోనిచ్చాను.

అన్నయ్య తన మోకాలి మీద ప్యాంటు మడతని చూసుకుంటున్నాడు.

గేటు దగ్గర తిప్పుకుని వచ్చి మళ్ళీ పోనిచ్చాను. స్టాండు నేలకి గీసుకుని కర్రుమంది. ఇంకోసారి తిప్పాను. "అన్నయ్యా" అని పిలిచాను. హారను కొట్టాను. ఆయన తల ఎత్తాడు. నన్ను చూశాడు, బండిని చూశాడు, స్టాండుని కూడా చూశాడు. చూసి మళ్ళీ ప్యాంటు మడత చూసుకున్నాడు. ఏమీ అనలేదు. రోజుకి వందసార్లు అనే మనిషి, ఆ ఒక్కసారి అనలేదు.

ఎన్ని చుట్లు తిరిగానో నాకే తెలీదు.

"స్టాండు, అల్తాఫ్."

వదిన. బట్టల తీగ పక్కన నిలబడి ఉంది, తడి చొక్కా చేతిలో పట్టుకుని. ఎప్పటి నుంచి చూస్తోందో. మాడిపోయిన రంగు కేసి చూస్తోంది.

"కొత్తది కదా" అంది మెల్లగా. "అలవాటయ్యేదాకా గుర్తుండదు."

నేను బండి ఆపేశాను.  వదిన ఆ చొక్కా తీగ మీద వేసి, క్లిప్పు పెట్టి, లోపలికి వెళ్ళింది. కాసేపటికి అటక కింద స్టూలు జరిపిన చప్పుడు వినపడింది. ఆవిడకి అటక అందదు. నేను వెళ్ళి సూట్‌కేసు దించి ఇచ్చాను.

అక్టోబరు 28

వసీమ్ కారు తెచ్చి సందు మలుపులో ఆపాడు. అన్నయ్యని అక్కడి దాకా మోసుకెళ్ళి వెనక సీట్లో కూర్చోబెట్టాను. నేను కుట్టిన దిండు వీపు వెనక పెట్టాను, బండి సీటు నుంచి విప్పి. వదిన, "వేళకి తిను" అంది.  వసీమ్ కూడా మంచిగానే మాట్లాడాడు.

కారు కదిలింది. అన్నయ్య కిటికీలోంచి తల బయటపెట్టి, "స్టాండు!" అన్నాడు.

నేను వంగి కారు కింద చూశాను.